డబ్బా కెమెరాకు కొత్త రీలు

మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఇంకా గద్దె మీద ఉండగానే, 1901లో, కొడాక్ కంపెనీ 120 అనే నంబరుతో ఒక ఫిల్మ్ రీలును అమ్మకానికి పెట్టింది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు తెచ్చుకున్నది పెద్ద కట్టె కెమెరాలతో, గాజు పలకల మీద తీసిన ఫొటోలతో. గాజు పలకలు పోయాయి, నిజాములు పోయారు. 120 రీలు మాత్రం ఇప్పటికీ తయారవుతోంది. ఇల్ఫోర్డ్, కొడాక్, ఫోమా కంపెనీలవి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే నల్లగొండకైనా, నాగర్‌కర్నూల్‌కైనా ఇంటికే వస్తాయి.

కాబట్టి పాత ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టెలోంచి తాతగారి డబ్బా కెమెరా బయటపడితే, "దీనికి ఇప్పుడు రీలెక్కడ దొరుకుతుందిలే" అని పక్కన పెట్టక్కర్లేదు. రీలు దొరుకుతుంది. పేచీ వేరే చోట ఉంది. డబ్బా కెమెరా అంటే నిజానికి సగం యంత్రమే. ఫోకస్ తిప్పడానికి ఉండదు, షట్టర్ వేగం మార్చడానికి ఉండదు, చాలావాటిలో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం సైజు కూడా ఒక్కటే. ఆ నిర్ణయాలన్నీ ఆనాడు దొరికే ఫిల్మ్‌ను చూసుకుని ఫ్యాక్టరీలోనే చేసేశారు. రీలు ఎక్కించడమంటే ఆ మిగతా సగాన్ని మనం తెచ్చి కలపడం. ఆ సగం ఈ డెబ్బై, ఎనభై ఏళ్లలో చాలా మారింది.

మొదటి తేడా స్పూల్ దగ్గరే, అంటే ఫిల్మ్ చుట్టే కండె దగ్గరే వస్తుంది. 1930ల మొదట్లో కొడాక్ 620 అని కొత్త నంబరు తెచ్చింది. ఫిల్మ్ అదే, సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పూ అదే, వెనక కాగితమూ అదే. మారిందల్లా స్పూల్. మధ్య ఇరుసు సన్నబడింది, రెండు చివర్ల బిళ్లలు చిన్నవయ్యాయి. దీంతో కెమెరాను కాస్త సన్నగా చేయవచ్చు, నిజమే. కొడాక్ కెమెరా కొన్నవాడు కొడాక్ రీలే కొనాలన్న వ్యాపారం కూడా ఇందులో ఉందని నా అనుమానం. 620 రీళ్ల తయారీని కంపెనీ 1995లో ఆపేసింది. కెమెరాలు మాత్రం ఇళ్లలో ఉండిపోయాయి.

అందుకే కెమెరా తెరవగానే ముందు లోపల ఖాళీ స్పూల్ ఉందో లేదో చూడాలి. ఇనుప స్పూల్, సన్నటి ఇరుసు ఉంటే అది చాలావరకు 620. పేరులో 'సిక్స్-20' అని ఉన్న బ్రౌనీలన్నీ (కొడాక్ డబ్బా కెమెరాల పేరు అది) ఈ జాతివే. జర్మనీలో చేసిన ఆగ్ఫా సింక్రో బాక్స్ లాంటివైతే 120 నేరుగా పడుతుంది. 1970, 80లలో మన దగ్గర చాలా ఇళ్లలో కనిపించిన, ఇండియాలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీకి కూడా 120 రీలే. వాటికి ఏ టెన్షన్ లేదు.

620 కెమెరాకు 120 రీలు పెట్టాలంటే కొందరు ప్లాస్టిక్ స్పూల్ బిళ్లల అంచును గోళ్ల కత్తెరతోనో గరుకు కాగితంతోనో అరగదీస్తారు. పని అవుతుంది. కానీ ఆ అంచు పనేమిటో ఒకసారి ఆలోచించండి. చుట్టలో ఫిల్మ్ వెనక నల్ల కాగితం ఉంటుంది కాబట్టి పైనుంచి వెలుగు దిగదు. పక్కల నుంచి దిగకుండా ఆపేది మాత్రం ఆ బిళ్లలే. అవి అరిగితే ఫొటోల అంచుల్లో వెలుగు చారలు పడతాయి, మన ఎండల్లో మరీను. అరగదీసినప్పుడు రాలిన పొడి లోపల ఎక్కడ చేరుతుందో చెప్పలేం. అందుకే నా ఓటు రెండో పద్ధతికి.

ఆ పద్ధతి ఇది. చీకటి గదిలో 120 రీలును ముందు ఒక ఖాళీ స్పూల్ మీదికి, అక్కడి నుంచి 620 స్పూల్ మీదికి చుట్టాలి. ఒక్కసారే చుడితే రీలు మొదలు లోపలికి పోయి, చివర బయటికి వస్తుంది. అందుకే రెండుసార్లు. ఫిల్మ్‌ను కాగితానికి ఒక్క కొసనే టేపుతో అంటిస్తారు, రెండో కొస వదులుగా ఉంటుంది. చుట్టలో ఫిల్మ్ లోపలి వైపు, కాగితం బయటి వైపు ఉంటాయి కాబట్టి ప్రతి చుట్టులో కాగితం కన్నా ఫిల్మ్ వెంట్రుకవాసి తక్కువ దూరం తిరుగుతుంది. ఇరుసు సన్నగా ఉంటే చుట్లు పెరుగుతాయి. ఆ వెంట్రుకవాసి తేడాలు కూడుకుంటూ పోయి, టేపు ఉన్న కొస వచ్చేసరికి ఫిల్మ్ ఉబ్బి నిలబడుతుంది. అప్పుడు టేపు విప్పి, సాపు చేసి, మళ్లీ అంటించాలి.

టేపును నెమ్మదిగా విప్పాలి. గబుక్కున లాగితే జిగురు ఊడే చోట సన్నటి నీలి వెలుగు పుడుతుంది. ఇది ఎవరైనా రాత్రిపూట చీకట్లో చూడవచ్చు. 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు గాలి తీసేసిన పెట్టెలో మామూలు టేపును ఊడదీస్తే ఎక్స్‌రేలు కూడా వస్తాయని చూపించారు. మన చీకటి గదిలో గాలి ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేల భయం లేదు గానీ, ఆ నీలి మెరుపు చాలు ఫిల్మ్ మీద మచ్చ పడటానికి.

ఇంకో మాట. కెమెరాలో ఉన్న పాత ఇనుప స్పూల్ బంగారంతో సమానం. అది లేకపోతే ఫొటోలు తీసిన ఫిల్మ్‌ను చుట్టుకోవడానికే ఉండదు. రీలు కడగడానికి ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు స్పూల్ తిరిగి కావాలని గట్టిగా చెప్పండి. ఖాళీ స్పూల్ అంటే వాళ్లకు చెత్తబుట్టే గుర్తొస్తుంది.

రెండో తేడా వెనకాల ఉన్న ఎర్ర కిటికీ. రీలు తిప్పుతుంటే కాగితం మీది అంకెలు అందులో కనిపిస్తాయి. ఇప్పటి 120 కాగితం మీద మూడు వరసల అంకెలుంటాయి. పొడుగు ఫొటోలకు 8, చదరం ఫొటోలకు 12, చిన్నవాటికి 16. కిటికీ ఎక్కడుందో దాన్నిబట్టి మన వరస మనకు కనిపిస్తుంది. 1901 నాటి కెమెరా కిటికీలో నేటి కాగితం అంకె సరిగ్గా వచ్చి కూర్చోవడం ఎప్పుడు చూసినా నాకు ముచ్చటేస్తుంది.

కిటికీకి ఎరుపే ఎందుకంటే, ఫిల్మ్ మీది వెండి లవణాలకు సహజంగా నీలం, అతినీలలోహిత కాంతి మాత్రమే తెలుస్తాయి. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కొన్ని రంగులు కలిపితే అవి ఆకుపచ్చను కూడా పట్టుకుంటాయని కనుక్కున్నాడు. ఎరుపు మాత్రం అప్పటికీ వాటికి చీకటే. అందుకే డార్క్ రూముల్లో ఎర్ర బల్బు, కెమెరాకు ఎర్ర కిటికీ. ఇవాళ్టి నలుపు తెలుపు ఫిల్ముల్లో ఎక్కువ భాగం ఎరుపుతో సహా అన్ని రంగులనూ చూస్తాయి. వాటి ముందు ఎర్ర కిటికీ ఉన్నా ఒకటే, మామూలు అద్దం ఉన్నా ఒకటే. కాపాడేది వెనకున్న కాగితం ఒక్కటే. కిటికీ మీద నల్ల టేపు ముక్క అంటించి, రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో, ఒంటి చాటున ఎత్తి చూసుకుంటే సరిపోతుంది. కొన్ని కంపెనీల కాగితాల మీద అంకెలు మరీ లేతగా ఉంటాయి, అక్కడ కాస్త ఓపిక కావాలి.

ఇక అసలు లెక్క ఎండది. డబ్బా కెమెరా రంధ్రం సుమారు ఎఫ్ 11 (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది), షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 40వ వంతు అనుకుందాం. ఫిల్మ్ స్పీడు అంటే వెలుగును పట్టుకునే చురుకు, అంకె పెరిగేకొద్దీ తక్కువ వెలుగు చాలు. ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం ప్రకారం, మంచి ఎండలో ఎఫ్ 16 దగ్గర, 100 స్పీడు ఫిల్మ్‌కు సెకనులో 100వ వంతు చాలు. ఎఫ్ 16 నుంచి ఎఫ్ 11కు వస్తే వెలుగు రెట్టింపు. 100వ వంతు నుంచి 40వ వంతుకు వస్తే రెండున్నర రెట్లు. మొత్తం కలిపి, 100 స్పీడు ఫిల్మ్‌కు కావలసినదానికి ఐదు రెట్లు వెలుగు పడుతుంది. అదే 400 స్పీడు ఫిల్మ్ అయితే ఇరవై రెట్లు. పాత షట్టర్ స్ప్రింగులు నీరసించి ఇంకా నిదానంగా కదులుతాయి కాబట్టి, అసలు లెక్క ఇంతకంటే పైనే ఉండొచ్చు.

ఐదు రెట్లు ఎక్కువంటే ఫొటో తెల్లగా మాడిపోదా? నెగెటివ్ ఫిల్మ్‌లో మాడదు. నాలుగైదు రెట్లు ఎక్కువ పడ్డా తట్టుకుంటుంది. తక్కువ పడితేనే తట్టుకోలేదు. ఒక వెండి లవణ రేణువు కడిగినప్పుడు నల్లబడాలంటే అందులో కనీసం మూడు నాలుగు వెండి పరమాణువులు ఒకచోట చేరాలి. అంత వెలుగు అందని రేణువు అసలు ఏమీ చూడనట్టే మిగిలిపోతుంది. ఎక్కువ పడ్డచోట నెగెటివ్ ముదురుగా వస్తుంది, ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. పడనిచోట సర్దుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. డబ్బా కెమెరాలు చేసినవాళ్లు ఈ గుణం మీదే భరోసా పెట్టుకున్నారు.

కాబట్టి ఎండాకాలం నాగార్జునసాగర్ కట్ట మీదికి 100 స్పీడు, వానాకాలపు మబ్బులకు 400. మబ్బు బాగా పట్టిన రోజు వెలుగు ఎండలో ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అప్పుడు 400కు రెండున్నర రెట్లు అందుతుంది, హాయిగా సరిపోతుంది. పాత కెమెరా పుస్తకంలో '50 స్పీడు వాడండి' అని ఉంటే కంగారు పడొద్దు. 1960లో అమెరికన్ ప్రమాణాలు మార్చినప్పుడు ఫిల్మ్ ఏమీ మారకుండానే అంకెలు దాదాపు రెట్టింపయ్యాయి. ఆనాటి 50 అంటే నేటి 100.

ఇంత ముతక కెమెరాకు ఫొటో స్పష్టంగా ఎలా వస్తుందన్నదానికి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద నిలబడితే సగం జవాబు దొరుకుతుంది. ఆ మర్రి ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు మచ్చలు చాలావరకు గుండ్రంగా ఉంటాయి, ఆకుల సందులు మాత్రం గుండ్రంగా ఉండవు. ఆ మచ్చలు సూర్యుడి బొమ్మలు. చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా బొమ్మ సూర్యుడిదే, గ్రహణం నాడు చూస్తే అవన్నీ నెలవంకలవుతాయి. పది మీటర్ల ఎత్తులో సందు ఉంటే మచ్చ వెడల్పు సుమారు 9 సెంటీమీటర్లు. అంటే కటకం లేకుండానే బొమ్మ వస్తుంది, కాకపోతే వెలుగు చాలదు. ఫిల్మ్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో సూది రంధ్రం పెట్టాలంటే అది 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అదే చోట డబ్బా కెమెరా రంధ్రం 9 మిల్లీమీటర్లు, వెలుగు ఐదొందల రెట్లు ఎక్కువ. అంత పెద్ద రంధ్రంతో బొమ్మ అలుక్కుపోకుండా ఆపేందుకు ఒక్క వంపు కటకం పెట్టారు. 1812లో విలియం వోలస్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త సూచించిన ఆకారమే అది. మూడు, మూడున్నర మీటర్ల నుంచి గుట్టల దాకా అన్నీ ఫర్వాలేదన్నట్టు కనిపిస్తాయి. అంతకన్నా దగ్గరికి వెళ్తే మొహాలు మసక.

నల్లగొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఈ కెమెరాకు అసలైన పరీక్ష. గర్భగుడిలో పడే స్తంభం నీడ రోజంతా కదలదు. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదంటే, ఆ నీడ నేరుగా సూర్యుడి వల్ల పడేది కాదని అర్థం. ఆకాశం నుంచి, చుట్టూ ఉన్న రాతి నుంచి చెదిరి, కదలని సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుగు పని అది. అలాంటి వెలుగు చాలా తక్కువ. బయటి ఎండలో వెయ్యో వంతు ఉందనుకుంటే, 100 స్పీడు ఫిల్మ్‌కు ఎఫ్ 11 దగ్గర ఐదు సెకన్లు కావాలి. చాలా డబ్బా కెమెరాలకు షట్టర్‌ను తెరిచి ఉంచే చిన్న మీట ఉంటుంది, దాన్ని లాగి, కెమెరాను రాతి గట్టు మీద కదలకుండా పెట్టాలి. కానీ ఐదు సెకన్లు చాలవు. వెలుగు మరీ నెమ్మదిగా వస్తే, రేణువులో మొదటి వెండి పరమాణువు ఏర్పడి, తోడు వచ్చేలోపే చెదిరిపోతుంది. దీన్ని 1900 ప్రాంతంలో నక్షత్రాల ఫొటోల మీద కొలిచి చూపినవాడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్, తర్వాత కృష్ణబిలాల లెక్కలతో పేరు పడిన శాస్త్రవేత్తే. కాబట్టి సమయం దాదాపు రెట్టింపు చేయాలి, కొన్ని ఫిల్ములకు ఇంకా ఎక్కువ.

రీలు ఎక్కించడం దీనికన్నా తేలిక. నీడలో కూర్చుని, ఖాళీ స్పూల్‌ను తిప్పే మీట వైపుకు మార్చి, కొత్త రీలును రెండో వైపు పెట్టి, నల్ల వైపు కటకానికి ఎదురుగా ఉండేట్టు కాగితాన్ని లాగి, దాని నాలుకను స్పూల్ సందులో దూర్చి, రెండు మూడు చుట్లు తిన్నగా పోతోందో లేదో చూసి మూసేయడమే. రీలు వదులుగా తిరుగుతుంటే దాని కింద అట్టముక్క మడిచి పెట్టండి. వదులు చుట్ట అంచుల్లోంచి వెలుగు దూరుతుంది. ఒక ఫొటో తీయగానే రీలు తిప్పేయాలి. లేకపోతే ఒకే ఫ్రేములో రెండు ఫొటోలు పడతాయి. వద్దని ఆపే ఏర్పాటు ఈ కెమెరాలకు ఉండదు.

ఇంట్లోనే కడిగేవాళ్లకు మన ఊళ్లలో పెద్ద అడ్డంకి నీళ్లు. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఫిల్మ్‌కు దానితో పేచీ లేదు. బోరు నీళ్లలోని మిగతా లవణాలు ఆరాక తెల్ల మచ్చలు వదులుతాయి, అందుకని ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి. ఇంకోటి వేడి. ఫిల్మ్ కడిగే రసాయనాల (డెవలపర్ల) లెక్కలన్నీ 20 డిగ్రీలకు రాసి ఉంటాయి. మే నెలలో ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి. వేడి పెరిగితే కడిగే సమయం తగ్గించాలి, కానీ ఐదు నిమిషాల కన్నా తగ్గితే మచ్చలు మచ్చలుగా వస్తుంది, పైగా ఫిల్మ్ మీది జెలటిన్ మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. డెవలపర్ సీసాలను, కడిగే నీళ్లను ఐసు ముక్కలున్న బకెట్లో ముందే నిలబెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చాక మొదలుపెట్టాలి. అంత ఓపిక లేకపోతే రీలును ఫ్రిజ్‌లో పెట్టి, చలికాలం వచ్చాక కడుక్కోవచ్చు.