పాత బండ్లు ఎన్ని తయారయ్యాయి? అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల దగ్గర పాత అంబాసిడర్లు, జావాలు, బుల్లెట్లు, జీపులు ఇంకా ఉన్నాయి. వాటి చాసిస్ నంబర్లను (బండి ఫ్రేము మీద కొట్టిన క్రమసంఖ్యలను) సేకరించి, ఫలానా మోడల్ మొత్తం ఎన్ని తయారై ఉంటాయో లెక్కగట్టడం నా పని. కంపెనీ పుస్తకాలు చెదిరిపోయిన చోట బండి ధరకూ చరిత్రకూ ఈ అంచనాయే ఆధారం కాబట్టి, దీని చుట్టూ అల్లుకున్న అపోహలను తొలగించడం అవసరమని భావిస్తున్నాను.

అపోహ: కంపెనీ రికార్డులు లేకపోతే ఏ సంఖ్య చెప్పినా ఊహాగానమే.

వాస్తవం: రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ ట్యాంకుల మీది క్రమసంఖ్యలను బట్టి మిత్రరాజ్యాల గణాంక నిపుణులు 1942 ఆగస్టు నెల ఉత్పత్తిని 327గా అంచనా వేయగా, గూఢచారి వర్గాలు 1,550 అన్నాయి, యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో బయటపడిన సంఖ్య 342. సూత్రం సులభమే. దొరికిన నంబర్లలో అతి పెద్దదానికి, దానినే దొరికిన నంబర్ల లెక్కతో భాగించగా వచ్చినది కలిపి, ఒకటి తీసివేయాలి. 1తో మొదలైన వరుసలో ఐదు నంబర్లు దొరికి, వాటిలో పెద్దది 620 అనుకుంటే అంచనా 743 అవుతుంది. అయితే 95 శాతం నమ్మకంతో చెప్పదలిస్తే, అసలు సంఖ్య 620కి తగ్గదు, సుమారు 1,130కి మించదు అనాలి. ఈ హద్దులు చెప్పకుండా 743 అని మాత్రమే రాసిన లెక్కను నేను అంగీకరించను.

అపోహ: చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసేస్తే ఉత్పత్తి తెలిసిపోతుంది.

వాస్తవం: వరుస 1తో మొదలైందో 1001తో మొదలైందో, మధ్యలో ఏ నంబర్లు వదిలేశారో, ఒకే వరుసను ఎన్ని మోడళ్లు పంచుకున్నాయో తెలియకుండా ఈ తీసివేత చేయకూడదు. ఫెరారీ చాలా ఏళ్లపాటు రోడ్డు కార్లకు బేసి సంఖ్యలు, పందెం కార్లకు సరి సంఖ్యలు ఇచ్చింది; ఆ సంగతి ఎరగనివారు లెక్కిస్తే రోడ్డు కార్లు దాదాపు రెట్టింపుగా తేలతాయి. పైగా ఒకే జిల్లాలో దొరికే బండ్లు తరచు ఒకే డీలరు తెప్పించిన సరుకులోవి కావడంతో నంబర్లు గుంపుగా ఉంటాయి. అవి వరుస మొత్తానికి ప్రాతినిధ్యం వహించవు. అందుకే బరంపురం నంబర్లతో మాత్రమే నేను ఎన్నడూ లెక్క ముగించను.

నంబరు చదవడం కూడా తేలిక కాదు. గోపాలపురం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఫ్రేము తుప్పుపట్టి 3కూ 8కీ తేడా చెరిగిపోతుంది. మెత్తని గుడ్డతో తుడిచి, పలుచని కాగితం ఆనించి, పెన్సిల్‌ను ఏటవాలుగా రుద్దితే కంటికి కనిపించని గీత కాగితం మీద తేలుతుంది. చాసిస్ నంబరు రాసి రివెట్లతో బిగించిన ప్లేటును మార్చడం తేలిక కనుక, ఫ్రేములో కొట్టిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

అపోహ: ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు సామర్థ్యమే ఉత్పత్తి సంఖ్య.

వాస్తవం: కాదు. 1951 పరిశ్రమల చట్టం కింద అది అనుమతించిన పరిమితి మాత్రమే.

అపోహ: జిల్లాల రిజిస్ట్రేషన్ పుస్తకాలన్నీ కూడితే మొత్తం వచ్చేస్తుంది.

వాస్తవం: మన సరిహద్దు జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఈ నమ్మకమే. గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి, అంతకు ముందు ఇక్కడి జమీందార్లు కొన్న కార్ల నమోదును ఒడిశా పుస్తకాల్లో వెతకడం వృథా శ్రమ. గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి; కనుక ఇప్పుడు గజపతి జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలోని పాత బండిని గంజాం పుస్తకంలోనూ, రాయగడలోని దానిని కోరాపుట్ పుస్తకంలోనూ చూడాలి. ఇక 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికో, పాతపట్నం నుంచి పర్లాకిమిడికో చేరిన బండి ఆ విధంగా రెండు రాష్ట్రాల పుస్తకాలకూ ఎక్కుతుంది. రిజిస్ట్రేషన్ నంబర్లు కూడితే అది రెండు బండ్లవుతుంది. చాసిస్ నంబరుతో సరిపోల్చితేనే ఒకటిగా తేలుతుంది.

అపోహ: తక్కువ మిగిలాయంటే తక్కువ తయారైనట్టే.

వాస్తవం: 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో కూడా తొలి మార్క్ (తొలి రూపం) బండ్లు ఇప్పుడు అరుదు. అవి టాక్సీలుగా అరిగిపోయాయి, తుక్కు కింద పోయాయి, కొన్ని తర్వాతి మార్క్ గ్రిల్ బిగించుకుని గుర్తుపట్టలేకుండా మారాయి. మిగిలినవాటిని లెక్కించడానికి వేరే పద్ధతి ఉంది. ఒక జాబితాలో 40, విడిగా తయారైన మరో జాబితాలో 30 బండ్లుండి, రెండింటిలోనూ ఉన్నవి 12 అయితే, 40ని 30తో గుణించి 12తో భాగించగా, మిగిలి ఉన్నవి సుమారు 100 అని అంచనా. షెడ్డులో మూలనపడ్డ బండ్లు రెండు జాబితాలకూ అందవు కనుక అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. 2021 నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన వాహనాలకు ఇచ్చే ‘వీఏ’ వరుస కూడా దరఖాస్తు పెట్టుకున్నవారినే చూపిస్తుంది. కనుక "దేశంలో ఇలాంటివి పదే ఉన్నాయి" అని ఎవరైనా బండి అమ్మజూపితే, ఆ పది మిగిలినవా, తయారైనవా, ఏయే పుస్తకాలు చూసి చెబుతున్నారని ముందు అడగండి.