పాటలో స్పేస్ ఎక్కడి నుంచి వస్తుంది: అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో మిక్సింగ్ చేస్తాను, అంటే విడివిడిగా రికార్డ్ చేసిన ట్రాకుల్ని కలిపి ఒక పాటగా చేస్తాను, ఎక్కువగా ఇండిపెండెంట్ సింగర్ల పాటలు, భక్తి ఆల్బమ్‌లు, అప్పుడప్పుడు ఉత్తరాంధ్ర జానపద కళలైన జముకు, తప్పెటగుళ్ల రికార్డింగులు. "అన్నా, పాట ఫ్లాట్‌గా ఉంది, కొంచెం స్పేస్ పెట్టవా" అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు, స్పేస్ అంటే పాటలో కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా ఉన్నట్టు అనిపించే లోతు, అడగడం కరెక్టే, కానీ దానికి వాళ్లు చెప్పే మందు మాత్రం చాలాసార్లు తప్పు.

అపోహ: రివర్బ్ (గోడలకి తగిలి తిరిగొచ్చే సౌండ్‌లా వినిపించే ఎఫెక్ట్) ఎంత వేస్తే పాట అంత పెద్దగా వినిపిస్తుంది.

వాస్తవం: పెద్దగా కాదు, దూరంగా వెళ్లిపోతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది. నేరుగా వచ్చిన సౌండ్ ఎంత, గోడలకి తగిలి వచ్చింది ఎంత, ముఖ్యంగా ఈ లెక్కతోనే చెవి దూరం పట్టుకుంటుంది. అన్ని ట్రాకులకీ రివర్బ్ పోస్తే అన్నీ వెనకే ఉంటాయి, ఇక లోతు ఎక్కడిది? ఏదో ఒకటి డ్రైగా, అంటే రివర్బ్ లేకుండా, ముందుండాలి, అప్పుడే మిగతావి వెనకున్నట్టు అనిపిస్తాయి. గాత్రానికి రివర్బ్ కావాలంటే నేను 30, 40 మిల్లీసెకన్ల ప్రీ-డిలే, అంటే రివర్బ్ మొదలయ్యే ముందు చిన్న గ్యాప్, ఇస్తాను, "క", "ట", "ప" లాంటి అక్షరాలు ముందు శుభ్రంగా పడి ఆ తర్వాతే గది వినిపిస్తుంది, మనిషి దగ్గరే ఉంటాడు, హాలూ ఉంటుంది. కోరస్‌కి మాత్రం పైన ట్రెబుల్ కాస్త కోసేస్తాను, దూరం నుంచి వచ్చే సౌండ్‌లో ఎలాగూ అది తగ్గిపోతుంది కాబట్టి.

అపోహ: వైడ్‌గా ఉంటే స్పేస్ ఉన్నట్టే.

వాస్తవం: వెడల్పు వేరు, లోతు వేరు. మృదంగానికి రెండు వైపులా మైకులు పెట్టి ఒకటి పూర్తి ఎడమకి, ఒకటి పూర్తి కుడికి తోసేస్తే వాయించే ఆయన చేతులు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్నట్టుంటుంది, పైగా గాత్రం కూర్చోడానికి చోటుండదు. ఇంకొందరు ఒకే ట్రాక్‌ని కాపీ చేసి ఒక పక్క 15, 20 మిల్లీసెకన్లు లేట్‌గా పెడతారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లోనే చూపించాడు, అంత చిన్న గ్యాప్‌లో వచ్చిన రెండో సౌండ్‌ని మనం ఎకోలా వినం, ముందు వచ్చిన వైపే సౌండ్ ఉందనుకుంటాం. స్టీరియోలో బాగానే ఉంటుంది గానీ అదే పాట చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో మోనోగా, అంటే ఎడమ, కుడి రెండూ ఒకటిగా, కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు డొల్లగా అయిపోతుంది. మన శ్రోతల్లో ఎంతమంది అలాంటి వాటిలోనే వింటున్నారో చూడండి, మోనో బటన్ నొక్కి చెక్ చేయకుండా మిక్స్ పంపొద్దు ప్లీజ్.

అపోహ: మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే స్పీకర్లు అక్కర్లేదు.

వాస్తవం: స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకర్ సౌండ్ కుడి చెవికీ చేరుతుంది, కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి. ఆ ఆలస్యం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు, అంత చిన్న తేడాతోనే మెదడు దిక్కు చెప్పేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ దారి మూసుకుపోతుంది, అందుకే పాట తల లోపల మోగుతున్నట్టుంటుంది. రెండింటిలోనూ వినాలి.

డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనా సౌండ్ వినిపించే పద్ధతి) లేకపోతే డెప్త్ రాదనేది కూడా అపోహే, స్టీరియోకి ఇంగ్లిష్ ఇంజనీర్ ఆలన్ బ్లమ్‌లైన్ పేటెంట్ అప్లై చేసింది 1931లో, రెండు స్పీకర్లతో ముందూ వెనకా చక్కగా వస్తుంది.

ఒక్క రిక్వెస్ట్. ఫైల్స్ పంపేటప్పుడు రివర్బ్ కలిపేసి పంపకండి, డ్రైగా పంపండి, గొంతులో కలిసిపోయిన గదిని మళ్లీ బయటకి తీయడం చాలా కష్టం.