ఇటుక గోడ తాగే నీళ్లు

ఏళ్ల తరబడి ఎండకూ వానకూ తట్టుకున్న ఇటుక గోడ ఒక్క పూట శుభ్రం చేసేసరికి పాడైపోవడం అరుదేమీ కాదు. చూడ్డానికి మొండిగా ఉంటుంది కాబట్టి ఎలా రుద్దినా, ఎంత గట్టిగా కడిగినా దానికేం కాదనుకుంటాం. యాసిడ్ పోస్తాం, ప్రెషర్ వాషర్ పెట్టి కొడతాం, ఆ పైన మెరిసే సీలర్ ఒక కోటు వేస్తాం. గోడ లోపలి నీటి సంగతి మాత్రం ఎవరూ చూడరు. ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడకు వచ్చే తెల్ల పొడి, పచ్చటి పాచి, పెచ్చులూడటం లాంటి జబ్బులకు చాలావరకు మూలం నీళ్లే.

మట్టి ఇటుక బట్టీలో సుమారు 900 నుంచి 1100 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి రేణువుల అంచులు కాస్త కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మట్టిలోని నీరు ఆవిరై, చెత్తా చెదారం కాలిపోయిన చోట్ల సన్నని ఖాళీలు మిగులుతాయి. ఇవి ఒకదాంతో ఒకటి కలిసి ఉండటంతో, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు ఇటుకలోకి నీళ్లు పాకుతాయి. కేశాకర్షణ అని బడిలో చదువుకున్నది ఇదే. రకాన్ని బట్టి ఇటుక తన బరువులో పదో వంతు, మెత్తటిదైతే ఐదో వంతు దాకా నీళ్లు తాగేస్తుంది. తాగినంత మాత్రాన ముప్పేమీ లేదు. వాన వెలిశాక ఆ తడి వచ్చిన దారినే బయటికి పోయి ఆరిపోతే గోడ వందల ఏళ్లు నిలుస్తుంది.

గోడ ఎంత దాహంతో ఉందో తెలుసుకోవడం తేలికే. బాగా ఎండిన రోజు ఇటుక మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. చుక్క కాసేపు నిలబడి మెల్లగా కిందికి జారితే పైపొర దిట్టంగా ఉన్నట్టు. తగిలీ తగలగానే ముదురు మచ్చగా మారి మాయమైతే ఆ ఇటుక చాలా పీల్చే రకం, లేదా దాని పైపొర ఎప్పుడో పోయింది. ఈ తేడా గోడంతా ఒకేలా ఉండదు. ఏ రసాయనం జోలికి వెళ్లాలన్నా ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక తెల్ల పొడి. కొత్తగా కట్టిన గోడ మీద మొదటి ఏడాది ఇది కనిపించగానే ఇంటివాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఇటుకలోనో, సిమెంటు మాలులోనో, పునాది కింది మట్టిలోనో ఉన్న ఉప్పులు, ముఖ్యంగా సోడియం, పొటాషియం, కాల్షియం సల్ఫేట్లు, నీళ్లలో కరిగి గోడ పైకి వస్తాయి. నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. దగ్గరగా చూస్తే పొడి అంచుల్లో సన్నటి నూగు లాంటి స్ఫటికాలు నిలబడి ఉంటాయి, వేలితో తాకితే రాలిపోతాయి. దీన్ని నీళ్లతో కడిగితే వెంటనే మాయమవుతుంది, ఆరగానే మళ్లీ వస్తుంది. కడిగిన నీళ్లలో కరిగిన ఉప్పును గోడే మళ్లీ తాగేసింది మరి. పొడి వాతావరణం చూసుకుని గట్టి నైలాన్ బ్రష్‌తో దులిపి, రాలినదాన్ని గోడ మొదట్లో వదిలేయకుండా ఎత్తి పారేయాలి. కొత్త గోడైతే నిర్మాణంలో చేరిన తడి ఆరేకొద్దీ ఇది దానంతట అదే తగ్గిపోతుంది. పాత గోడ మీద ఉన్నట్టుండి మొదలైతే మాత్రం బ్రష్ పక్కన పెట్టి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకండి.

ఉప్పు పైకి తేలితే చూడ్డానికి బాగోదు, అంతే. పైపొర వెనకాలే గట్టిపడితేనే చిక్కు. సోడియం సల్ఫేట్ ఇందులో పేరుమోసింది. పొడిగా ఉన్నప్పుడు చిన్నగా ఉండే దాని స్ఫటికం, తేమ తగిలితే ఒక్కో అణువుకు పది నీటి అణువుల్ని చేర్చుకుని మూడు రెట్లకు పైగా చోటు ఆక్రమించేలా మారుతుంది. సన్నటి రంధ్రంలో ఇలా తడవడం, ఆరడం పదే పదే జరిగితే రంధ్రం గోడలు చిట్లి ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. మొహెంజొదారోలో సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందట కాల్చిన ఇటుకలు మట్టి కింద ఉన్నంతకాలం బాగానే ఉన్నాయి. 1920లలో తవ్వకాలు మొదలై గాలి తగిలాక, భూగర్భ జలంతో పైకి ఎక్కిన ఉప్పులే వాటిని పొడి పొడి చేయసాగాయి. 1980లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ నగరానికి ఇప్పటికీ పెద్ద బెడద ఇదే. చలి దేశాల్లో దీనికి మంచు తోడవుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి నానిన ఇటుక అలాగే పగులుతుంది.

యాసిడ్ పోస్తే ఏమవుతుందో చూద్దాం. మురియాటిక్ యాసిడ్ పేరుతో అమ్మేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఇటుకకు అంతగా ఏమీ కాకపోవచ్చు, కానీ సందుల్లోని మాలు మీద పడగానే నురగ వస్తుంది. మురికి వదులుతోందని సంతోషించకండి, అక్కడ సున్నం కరిగిపోతోంది. అలా పుట్టే కాల్షియం క్లోరైడ్ గాలిలోంచి కూడా తేమను లాక్కునే ఉప్పు. దాన్ని పూర్తిగా కడగకపోతే, ఉప్పు వదిలించబోయి గోడకు కొత్త ఉప్పు పట్టించినట్టే. లేత రంగు ఇటుకల మీద అప్పుడప్పుడు ఆకుపచ్చ, పసుపు చారలు వస్తాయి. చాలామంది పాచి అనుకుంటారు గానీ, కొన్ని రకాల మట్టిలో ఉండే వెనేడియం లవణాలవి. వాటి మీద ఈ యాసిడ్ పడితే ముదురు గోధుమ రంగు మరకగా మారి, ఇక ఓ పట్టాన వదలవు. తాపీ పనివాళ్లు వదిలేసిన సిమెంటు చారలకు యాసిడ్ తప్పదనుకుంటే, ఇటుకల కోసం తయారుచేసిన మందునే బాగా పలుచన చేసి, ముందు గోడను నీళ్లతో నానబెట్టి, ఎవరికీ కనపడని మూల పరీక్షించి వాడాలి. కడుపు నిండా నీళ్లు తాగిన ఇటుక యాసిడ్‌ను అంతగా పీల్చదు. కిందికి కారే మురికి నీళ్లు పట్టకుండా గోడ కింది భాగాన్నీ తడిగానే ఉంచాలి.

పాచిది చిన్న కథ. నీడ, తడి ఉంటే వస్తుంది. ముందు బ్రష్‌తో గీకి, తర్వాత పాచి మందు కొట్టి ఆగితే చాలు. బ్లీచ్ వాడేవాళ్లు తర్వాత బాగా కడగాలి, అది కూడా గోడలో ఉప్పు మిగులుస్తుంది. బ్లీచ్‌నూ యాసిడ్‌నూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, క్లోరిన్ విషవాయువు వస్తుంది. కారుతున్న గొట్టమో, గోడకు ఆనుకున్న పొదో అలాగే ఉంటే పాచి మళ్లీ రాక తప్పదు.

ప్రెషర్ వాషర్ మీద నాకు సదభిప్రాయం లేదు. బట్టీలో ఇటుక పైపొరకు ఒక దిట్టతనం వస్తుంది. నాజిల్ దగ్గరగా పెట్టి కొట్టినా, ఇసుకతో బ్లాస్టింగ్ చేయించినా మొదట పోయేది ఆ పొరే. కడిగిన రోజు గోడ కొత్తదానిలా ఎర్రగా మెరుస్తుంది. ఆ తర్వాత మునుపటికన్నా ఎక్కువ నీళ్లు తాగి, మునుపటికన్నా త్వరగా మాసిపోతుంది. పైగా ఆ ఒత్తిడికి సందుల గుండా నీళ్లు గోడ లోపలికి దూరతాయి. మామూలు దుమ్ముకు తోట గొట్టం నీళ్లు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు నీళ్లు చాలు. వైర్ బ్రష్ వద్దు. విరిగిన తీగ ముక్కలు ఇటుకలో చిక్కుకుని తుప్పు మరకలవుతాయి.

సందుల సంగతికొస్తే, మాలు ఎప్పుడూ ఇటుకకన్నా కాస్త మెత్తగానే ఉండాలి. చాలామంది మేస్త్రీలకు కూడా ఈ మాట రుచించదు, ఎంత సిమెంటు పడితే అంత బలం అంటారు. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ తీసుకోకముందు ఇళ్లను చాలావరకు సున్నం మాలుతోనే కట్టేవాళ్లు. గోడ కదిలినా, వేడికి ఉబ్బినా ఆ ఒత్తిడిని మాలు తనమీద వేసుకునేది, తడి కూడా దాని గుండానే ఆరేది. అలాంటి పాత గోడ సందుల్ని గట్టి సిమెంటుతో నింపితే తడికి ఇటుక తప్ప వేరే దారి ఉండదు. కొన్నేళ్లకు సందులు గట్టుల్లా పొడుచుకొచ్చి, మధ్యలో ఇటుకలు గుంటలు పడి కనిపిస్తాయి. అరిగిన మాలును మార్చడం తేలిక, అరిగిన ఇటుకను మార్చడం కష్టం.

తాళంచెవితో గీస్తే మాలు ఇసుకలా రాలుతోందంటే పాయింటింగ్, అంటే సందుల్లో పాత మాలు తీసి కొత్తది నింపే పని, చేయించే సమయం వచ్చినట్టే. పైపైన పూస్తే నిలవదు. పాత మాలును సందు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్ల లోతు వరకు, అంటే 10 మిల్లీమీటర్ల సందైతే 20–25 మిల్లీమీటర్లు, తీసేసి, దుమ్ము దులిపి, తడిపి, కొత్త మాలును పొరలు పొరలుగా కూరాలి. ఎండలో చేయించకండి. ఆ తర్వాత కొన్ని రోజులు తడి ఆరకుండా చూసుకోవాలి.

అంతా అయ్యాక సీలర్ వేయాలా? చాలా గోడలకు అక్కర్లేదు. ప్లాస్టిక్ పొరలా మెరిసేవి బయటి వానను ఆపుతాయి, లోపలి తడినీ ఆపుతాయి. ఉప్పు ఆ పొర వెనకే గట్టిపడుతుంది. వాన నేరుగా కొట్టే గోడకు తప్పదనుకుంటే సైలేన్, సైలాక్సేన్ రకాలు నయం. రంధ్రాల్ని మూసేయకుండా వాటి లోపలి గోడలకు పట్టుకుని నీటి చుక్కను దూరం పెడతాయి, ఆవిరిని పోనిస్తాయి. అదీ గోడ పూర్తిగా ఆరాక, పగుళ్లు బాగుచేశాకే.

చివరగా గోడ అడుగున ఒకసారి చూడండి. పూలమొక్కల కోసం పోసిన మట్టి తేమను ఆపే డీపీసీ పొరను దాటి పైకి వచ్చి ఉంటే తవ్వి కిందికి దించాలి. రెండు పొరల మధ్య ఖాళీతో కట్టిన గోడలకు కింది వరుసలో అక్కడక్కడ సన్నటి ఖాళీ సందులు వదులుతారు. అవి మేస్త్రీ మర్చిపోయినవి కావు, లోపల చేరిన నీళ్లు బయటికి పోవడానికి పెట్టినవి. సిమెంటు పూసి మూసేయకండి. పురుగులు దూరుతున్నాయనుకుంటే తుప్పు పట్టని సన్నటి జాలీ పెడితే సరిపోతుంది.