మెమోరియల్ కప్పు: కెనడా జూనియర్ హాకీలో పాతుకుపోయిన అపోహలు, అసలు సంగతులు

కెనడా జూనియర్ (అంటే సుమారు 16 నుంచి 20 ఏళ్ళ కుర్రాళ్ళ) ఐస్ హాకీలో అన్నిటికంటే పెద్ద కప్పు మెమోరియల్ కప్పు. 1919 నుంచి ఇస్తున్నారు. కిచెనర్, లండన్, విండ్సర్ లాంటి ఒంటారియో ఊళ్ళకు చదువుకోవడానికి వెళ్ళిన తెలుగు పిల్లలు ఈ పేరు వినే ఉంటారు, ఆ ఊళ్ళన్నిటికీ జూనియర్ జట్లున్నాయి. అయితే ఈ కప్పు గురించి చలామణీలో ఉన్న మాటల్లో చాలా తప్పులున్నాయి. ఎక్కువ తప్పులకు మూలం ఒకటే. పాత ఫలితాన్ని ఇప్పటి నియమాలతో చదవడం. ఏ ఏడాది కప్పు గురించి మాట్లాడుతున్నామో, ఆ ఏడాది పోటీ ఎలా జరిగేదో ముందు తేల్చుకోవాలి.

అపోహ: వృత్తి హాకీలో పెద్ద కప్పయిన స్టాన్లీ కప్పులాగే ఇదీ ఎవరో ప్రముఖుడి పేరున పెట్టిన కప్పు.

కాదు. ఇది యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. 1919 మార్చిలో ఒంటారియో హాకీ సంఘం ఈ కప్పును బహూకరించింది. ఆలోచన కింగ్‌స్టన్‌కు చెందిన కెప్టెన్ జేమ్స్ సదర్లాండ్‌దని చెబుతారు. ఆయన సైన్యంలో పనిచేసినవాడు, కెనడా అమెచ్యూర్ హాకీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నవాడు. అదే కింగ్‌స్టన్ హాకీ నుంచి యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని వాళ్ళలో ఇద్దరి పేర్లు తప్పక తెలుసుకోవాలి. ఒకరు 1914లో టొరంటో బ్లూషర్ట్స్ కెప్టెన్‌గా స్టాన్లీ కప్పు గెలిచి, 1915లో ఫ్రాన్స్‌లో చనిపోయిన స్కాటీ డేవిడ్‌సన్. ఇంకొకరు 1916లో బెల్జియంలో చనిపోయిన జార్జ్ రిచర్డ్‌సన్. జూనియర్ వయసు దాటీ దాటకముందే తుపాకీ పట్టినవాళ్ళ జ్ఞాపకం కాబట్టే ఈ కప్పును జూనియర్లకు ఇచ్చారు.

మొదటి ఫైనల్ టొరంటోలో జరిగింది. ఆడింది ఒక బడి జట్టు, యూనివర్సిటీ ఆఫ్ టొరంటో స్కూల్స్. ఎదురు జట్టు రిజైనా పాట్రీషియాస్, అంటే ఇప్పటి రిజైనా పాట్స్. 1917లో యుద్ధం నడుస్తుండగా పుట్టిన ఆ జట్టు పేరు ప్రిన్సెస్ పాట్రీషియా పేరున్న సైనిక దళం నుంచి వచ్చింది. టొరంటో బడి పిల్లలు 14-3, 15-5తో గెలిచారు. అదే వసంతంలో సియాటెల్‌లో స్టాన్లీ కప్పు ఫైనల్ ఇన్‌ఫ్లుయెంజా వల్ల మధ్యలోనే ఆగిపోయింది. 1922లో గెలిచిన జట్టు పేరు చూడండి: ఫోర్ట్ విలియం వార్ వెటరన్స్.

2010లో ఈ కప్పును దేశసేవలో ప్రాణాలిచ్చిన కెనడా సైనికులందరికీ పునరంకితం చేశారు. 1919 కప్పు చరిత్ర రాసేటప్పుడు "అన్ని యుద్ధాల సైనికుల కోసం" అని రాస్తే తప్పు. ఇప్పటి కప్పు గురించి "మొదటి ప్రపంచ యుద్ధ స్మారకం" అని మాత్రమే రాసినా అసంపూర్ణమే.

అపోహ: మొదటి నుంచీ నాలుగు జట్ల టోర్నమెంటే.

మొదటి యాభై ఏళ్ళ పైచిలుకు ఇది తూర్పు విజేతకూ పశ్చిమ విజేతకూ మధ్య పోరు. మొదట్లో రెండే ఆటలు, రెండింటి గోల్స్ కలిపి ఎక్కువ ఎవరికుంటే వాళ్ళదే కప్పు. 1919 లెక్క అలా కడితే 29-8. ఈ పద్ధతిలో ఒక ఆట ఓడినా గోల్స్ తేడా ఎక్కువుంటే కప్పు గెలవొచ్చు. అందుకే ఆ కాలపు ఫలితాన్ని "2-0తో సిరీస్ గెలిచారు" అని రాయకూడదు, మొత్తం గోల్స్ రాయాలి. తర్వాత మూడు ఆటల సిరీస్ వచ్చింది, ఆపైన ఐదు, ఆపైన ఏడు. 1949లో మాంట్రియల్ రాయల్స్, బ్రాండన్ వీట్ కింగ్స్ మధ్య ఏడు ఆటల సిరీస్ ఎనిమిది ఆటలు నడిచింది, ఎందుకంటే ఒకటి సమంగా ముగిసింది. రికార్డుల్లో 4-3-1 అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకొని దిద్దేవాళ్ళున్నారు. దయచేసి దిద్దకండి, అది సరైన లెక్కే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో ఫైనల్‌కు చేరిన జట్టు ఓడిపోయిన ఇతర జట్ల నుంచి ఆటగాళ్ళను అరువు తెచ్చుకోవచ్చు. 1966లో ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్ ఎస్టెవాన్ జట్టు ఆటగాళ్ళను అలాగే తీసుకొచ్చి, తర్వాత హాకీ మహామహుల్లో ఒకడైన బాబీ ఓర్ ఉన్న ఓషవా జెనరల్స్‌ను ఓడించింది. 1960 నుంచి 1966 దాకా వరసగా ఏడు ఫైనల్స్ ఆడిన ఎడ్మంటన్ గెలిచింది 1963లోనూ 1966లోనూ మాత్రమే. అరువు ఆటగాళ్ళున్న ఏడాది జట్టు ఫోటోనూ లీగ్ జాబితానూ పక్కపక్కన పెడితే పేర్లు కలవవు. ఫోటో తప్పని తీసిపారేయకూడదు.

1972లో ఒట్టావాలో మూడు లీగ్‌ల (ఒంటారియో, క్యుబెక్, పశ్చిమ కెనడా) విజేతలతో టోర్నమెంట్ మొదలైంది. ఫైనల్లో కార్న్‌వాల్ రాయల్స్ 2-1తో పీటర్‌బరో పీట్స్‌ను ఓడించారు. 1983 నుంచి ఆతిథ్య జట్టు, లీగ్ గెలవకపోయినా, నాలుగోదిగా చేరింది. ఇప్పటి లెక్క ఇలా ఉంటుంది. నలుగురూ ఒకరితో ఒకరు ఒక్కోసారి ఆడితే ఆరు ఆటలు. మొదటి స్థానం నేరుగా ఫైనల్‌కు, రెండు, మూడు స్థానాలవాళ్ళు సెమీఫైనల్‌కు. మొత్తం ఎనిమిది ఆటలు. మూడో స్థానానికి ఇద్దరు సమమైతే, తేల్చడానికి ఆడే టైబ్రేకర్ ఆటతో తొమ్మిది. మొదటి స్థానం విలువ ఒక ఆట తగ్గడం మాత్రమే కాదు, ఫైనల్‌కు ముందు దొరికే విశ్రాంతి కూడా.

అపోహ: ఆతిథ్య జట్టు గెలిస్తే అది సగం కప్పే.

ఈ మాట మాకు అస్సలు ఒప్పుదల కాదు. 2017లో ఆతిథ్యమిచ్చిన విండ్సర్ స్పిట్‌ఫైర్స్, లీగ్ విజేతను తేల్చే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే ఓడిపోయారు. తర్వాత 44 రోజులు ఒక్క పోటీ ఆట లేదు. సాధనలో ఎంత చెమటోడ్చినా పోటీ వేగం రాదు, పాస్ అందుకునే క్షణం ఆలస్యమవుతుంది, గోల్‌కీపర్ అంచనా తప్పుతుంది. మిగతా మూడు జట్లు నాలుగు రౌండ్లు గెలిచి అదే ఊపులో వస్తాయి, కాకపోతే గాయాలతో, అలసటతో వస్తాయి. ఈ రెండు బరువులూ ఎటు మొగ్గుతాయో ముందే చెప్పలేం. విండ్సర్ ఒక్క ఆటా ఓడకుండా, ఫైనల్లో ఈరీ ఆటర్స్‌ను 4-3తో గెలిచింది. 2022లో సెయింట్ జాన్ సీ డాగ్స్ కూడా మొదటి రౌండ్‌లో ఓడారు, కోచ్‌ను మార్చారు, సొంత ఊళ్ళో హామిల్టన్‌ను 6-3తో ఓడించి కప్పు ఎత్తారు.

ఆతిథ్య జట్టే తన లీగ్ గెలిస్తే ఏమవుతుంది? ఆ లీగ్ రన్నరప్‌కు చోటిస్తారు. 2006లో మాంక్టన్ వైల్డ్‌క్యాట్స్ ఆతిథ్యమిచ్చి లీగ్ కూడా గెలిచారు. రన్నరప్‌గా వచ్చిన క్యుబెక్ రెంపార్ట్స్ మాంక్టన్‌లోనే ఆ జట్టును ఓడించి కప్పు పట్టుకుపోయారు.

అపోహ: కెనడా కప్పు కాబట్టి కెనడా జట్లకే.

లీగ్‌లలో అమెరికా జట్లున్నాయి. పోర్ట్‌లాండ్ 1983లోనూ 1998లోనూ, స్పోకేన్ 1991లోనూ 2008లోనూ, సాగినా 2024లోనూ గెలిచాయి.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో ఆపేశారు.

ఆపలేదు. మొదటిసారి ఆగింది 2020లో, కోవిడ్ వల్ల. 2021లోనూ జరగలేదు.

అపోహ: ఎవరు ఎన్నిసార్లు గెలిచారో లెక్క సులువు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ ఇక్కడే. ఏడుసార్లు గెలిచిన టొరంటో మార్ల్‌బరోస్ పేరుతో ఇప్పుడు ఈ స్థాయిలో జట్టే లేదు. 1989లో హామిల్టన్‌కు, 1991లో గ్వెల్ఫ్‌కు మారిపోయింది. ఐదుసార్లు గెలిచిన ఓషవా జెనరల్స్ మొదటి మూడు కప్పులు (1939, 1940, 1944) పాత జట్టువి. 1953లో మైదానం కాలిపోయి ఆ జట్టు మూతబడింది, 1962లో మళ్ళీ పుట్టింది. 1990, 2015 కప్పులు కొత్తదానివి. క్యుబెక్ రెంపార్ట్స్ సంగతీ అంతే. 1971లో గెలిచిన జట్టు 1985లో మూతబడింది, 2006లోనూ 2023లోనూ గెలిచింది ఆ పేరు పెట్టుకున్న వేరే జట్టు. 1928లో గెలిచినవాళ్ళు రిజైనా మొనార్క్స్, కానీ పాట్స్ తమ నాలుగు కప్పుల్లో దాన్నీ కలుపుకుంటారు. కార్న్‌వాల్ ఉన్నది ఒంటారియోలో, గెలిచిన మూడుసార్లూ క్యుబెక్ లీగ్ జట్టుగానే.

అందుకే జాబితా రాసేవాళ్ళు ఏడాది, ఆనాటి జట్టు పేరు, ఊరు, లీగ్ నాలుగూ విడివిడి గడుల్లో పెట్టాలి. "మొత్తం కప్పులు" అన్న గడి చివర్లో, అదీ జట్టు పేరు మీదా సంస్థ మీదా అన్నది చెప్పి నింపాలి.

అపోహ: జూనియర్ ఏ విజేతకు ఇచ్చేదే మెమోరియల్ కప్పు.

ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. 1934లో జూనియర్లను ఏ, బి అని విడదీశాక కప్పు ఏ తరగతికి దక్కింది. 1970 ప్రాంతంలో ఆ ఏ తరగతి కూడా రెండుగా చీలింది. పై శ్రేణిని ఇప్పుడు మేజర్ జూనియర్ అంటారు, కప్పు వాళ్ళకే. కింది శ్రేణికి 1971లో మానిటోబా సెంటెనియల్ కప్పు పెట్టారు. అది మధ్యలో రాయల్ బ్యాంక్ కప్పు అయ్యి, మళ్ళీ సెంటెనియల్ పేరుకే వచ్చింది. 1957లో మానిటోబా గనుల ఊరు ఫ్లిన్ ఫ్లాన్ నుంచి వచ్చిన బాంబర్స్ ఏడు ఆటల్లో ఒట్టావా జట్టును ఓడించి కప్పు గెలిచారు. అప్పటి పత్రికల్లో "జూనియర్ ఏ" అని ఉంటే దాన్ని నేటి జూనియర్ ఏ అనుకుని ఆ ఊరి గెలుపును చిన్నచూపు చూడకండి.

అపోహ: 2008లో వందేళ్ళ నాటి కప్పు విరిగిపోయింది.

కిచెనర్‌లో స్పోకేన్ కెప్టెన్ కప్పును తోటి ఆటగాడికి అందిస్తుండగా పై గిన్నె పీఠం నుంచి ఊడి వచ్చింది. విరిగింది నకలు, అసలుది కాదు. గిన్నె, పీఠం విడివిడిగా చేసి కలిపిన ట్రోఫీ ఏదైనా చేతులు మారేటప్పుడు ఈ ప్రమాదం ఉంటుంది. ఒకరు పైన, ఇంకొకరు కింద పట్టుకొని లాగితే బరువంతా అతుకు మీద పడుతుంది. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ ఒక చెయ్యి పీఠం కింద వెయ్యాలి.

అపోహ: మహామహులందరూ ఈ కప్పు గెలిచినవాళ్ళే.

వేన్ గ్రెట్స్‌కీ ఒక్క పూర్తి సీజన్ జూనియర్ ఆడి వెళ్ళిపోయాడు, ఈ టోర్నమెంట్‌కు రానేలేదు. ఓర్ 1966లో ఓడాడు. మారియో లెమ్యూ 1984లో లావాల్ జట్టుతో వచ్చి మూడు ఆటలూ ఓడి ఇంటికెళ్ళాడు. సిడ్నీ క్రాస్బీ ఉన్న రిమూస్కీ జట్టు 2005 ఫైనల్లో లండన్ నైట్స్ చేతిలో 4-0తో ఓడింది. గెలిచినవాళ్ళలో గై లాఫ్లూర్ ఉన్నాడు, 1971లో రెంపార్ట్స్‌తో. ఆ ఏడాది రికార్డు చూసేవాళ్ళకు ఒక మాట: తూర్పు సిరీస్ పూర్తి కాలేదు. క్యుబెక్‌లో జరిగిన గొడవల తర్వాత సెయింట్ కాథరిన్స్ జట్టు ఇక ఆడనంది. రెంపార్ట్స్ ఎడ్మంటన్‌తో ఫైనల్ ఆడి, వరసగా రెండు ఆటలు గెలిచి కప్పు తీసుకున్నారు.