కానుగ చెట్టు కింద అరగంట

మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మా ఆఫీసులో ఏసీ ఆగిపోయింది. మాది ఏడో అంతస్తు. చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా అద్దమే, తెరుద్దామంటే ఒక్క కిటికీ లేదు. లైట్లు, కంప్యూటర్లు పనిచేస్తూనే ఉన్నాయి కానీ, 20 నిమిషాలకే మనిషి కూర్చోలేనంత ఉక్కపోత. మెట్లు దిగి అందరం కిందికి వచ్చేశాం. గేటు పక్కన ఒక పెద్ద కానుగ చెట్టుంది. ఎవరూ పిలవకుండానే అందరం దాని కిందికే చేరాం. సెక్యూరిటీ అన్న, ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒక డెలివరీ కుర్రాడు అప్పటికే అక్కడ ఉన్నారు.

ఏసీ బాగయ్యేదాకా అరగంట అక్కడే నిలబడ్డాం. ఒకసారి ఆ అద్దాల గోడ వైపు, ఒకసారి తలెత్తి కొమ్మల వైపు చూస్తూ ఉండిపోయాను. రెండింటి మీదా పడుతున్నది ఒకే ఎండ.

అద్దం సంగతి ముందు చూద్దాం. సూర్యుడి నుంచి వచ్చే శక్తి చాలావరకు పొట్టి తరంగాలే. మామూలు అద్దం వాటిని సుఖంగా లోపలికి రానిస్తుంది. అవి బల్లలకీ నేలకీ తగిలి వేడిగా మారతాయి. వేడెక్కిన వస్తువులు తిరిగి వెదజల్లేది పొడవాటి పరారుణ తరంగాలు. వీటిని మాత్రం అద్దం బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలు ఎత్తి పెట్టిన కారులో కూర్చున్న ఎవరికైనా ఇది అనుభవమే. ఇప్పటి అద్దాలకి పూతలు వేసి కొంత వేడిని ఆపుతున్నారు, నిజమే. కానీ కొన్ని పూతలు ఆ వేడిని వీధిలోకి విసురుతాయి. 2013లో లండన్‌లోని 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం లోపలికి వంగిన అద్దపు గోడతో ఎండనంతా ఒకచోటికి పోగేసింది. కింద ఆపి ఉన్న కారు భాగాలు కరిగి వంకరపోయాయి. మా ఆఫీసులో అయితే కళ్లు చెదరకుండా పొద్దున్నే బ్లైండ్స్ దించేసి, ట్యూబ్‌లైట్లు వేసుకుంటాం. వెలుతురు కోసం పెట్టిన అద్దం వెనక రోజంతా లైట్ల కిందే పనిచేస్తాం.

మా అమ్మమ్మగారిది కోనసీమలో మండువా లోగిలి. నడిమధ్య ఆకాశం కనిపించే ఖాళీ, నాలుగు వైపుల నుంచీ దాని మీదికి వాలే పెంకుల కప్పు, చుట్టూ వసారాలు. వాన పడితే నీళ్లు ఇంటి మధ్యలోకే దూకేవి, పిల్లలమంతా అంచున వరసగా కూర్చుని చేతులు చాపేవాళ్లం. పెద్దయ్యాక గానీ తెలియలేదు, అది అందం కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదని. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు. అక్కడ మనిషికి కావలసింది కదిలే గాలి. వేడెక్కిన గాలి తేలికై మండువాలోంచి పైకి పోతుంటే, ఆ చోటులోకి తలుపుల నుంచి, వసారాల నుంచి కొత్త గాలి వస్తుంది. ఇల్లే ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

అదే రాయలసీమకి వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ గాలి పొడి, పగటికీ రాత్రికీ వేడిలో తేడా ఎక్కువ. అందుకని రాళ్లతో మందపాటి గోడలు, దూలాల మీద మట్టి పరిచిన మిద్దెలు. మందమైన మట్టిలోంచి, రాతిలోంచి వేడి దిగడానికి గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి బయట పొద్దుగూకి చల్లబడుతుంది, జనం మిద్దె మీద పడుకోవడానికి వెళ్తారు. వెలుతురికి కప్పులో ఒక గవాచి చాలు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో మళ్లీ ఇంకో రకం, చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, దాదాపు నేల దాకా దిగే తాటాకు కప్పు. తుఫాను గాలికి నిలబడి కొట్టడానికి చదునైన గోడ దొరకదు, పక్కలకి జారిపోతుంది.

ఒకే భాష మాట్లాడే మనుషులు, మూడు రకాల ఇళ్లు. ఇంటి ఫోటో చూస్తే ఊరు ఏ వైపుదో చెప్పగలిగేవాళ్లం. ఆ గుర్తు వచ్చింది శిల్పాల వల్ల, రంగుల వల్ల కాదు. అక్కడి ఎండకి, వానకి, గాలికి ఆ ఇల్లు ఇచ్చుకున్న జవాబు వల్ల. నా దృష్టిలో భవనానికి వ్యక్తిత్వం అంటే ఇదే.

అది పోవడానికి రెండు గొప్ప ఆవిష్కరణలు చేతులు కలపాల్సి వచ్చింది. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం ఎయిర్ కండిషనింగ్ యంత్రాన్ని రూపొందించాడు. మనుషుల సుఖం కోసం కాదు, తేమకి కాగితం ఉబ్బి రంగులు సరిగ్గా పడటం లేదని. 1959లో ఇంగ్లండ్‌కి చెందిన పిల్కింగ్టన్ కంపెనీ, కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేలించి నున్నటి పలకలు తీసే పద్ధతిని ప్రకటించింది. పెద్ద పెద్ద అద్దాలు చవకయ్యాయి. అప్పటికే 1952లో న్యూయార్క్‌లో కిటికీలు తెరవని అద్దాల భవనం లివర్ హౌస్ వచ్చేసింది. ఆ ఊరి చలికి, అక్కడి ఆఫీసులకి అమరిన రూపం దుబాయ్ ఎండలోకీ, మన గచ్చిబౌలి ఎండలోకీ అలాగే నడిచి వచ్చింది. వాతావరణంతో మాట్లాడే పని ఏసీకి అప్పగించాక గోడ ఏ ఊళ్లో ఎలా ఉన్నా ఒకటే.

కొత్తగా కట్టినదల్లా ఇలాగే ఉండాలని లేదు. పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమానికి 1937లో మొదలుపెట్టి కట్టిన వసతి గృహం ఉంది. రూపశిల్పి ఆంటోనిన్ రేమండ్. గట్టి కాంక్రీటు, అలంకారం ఏమీ లేదు, పూర్తిగా ఆధునికం. గోడకి బదులు నిలువునా అడ్డపలకల వరసలు. ఎండని బట్టి, వానని బట్టి లోపలున్నవాళ్లు వాటిని తిప్పుకుంటారు. అద్దం లేదు, ఏసీ అక్కర్లేదు. దాని పేరు గోల్కొండ్. హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నుంచి, దివాన్ అక్బర్ హైదరీ ద్వారా అందిన డబ్బుతో కట్టారు కాబట్టి ఆ పేరు. ఆ పని దగ్గరుండి చూసుకున్న జార్జి నకషిమా తర్వాత అమెరికాలో గొప్ప వడ్రంగిగా పేరు తెచ్చుకున్నాడు. మాను అంచు ఎలా వంకర తిరిగిందో అలాగే ఉంచి బల్లలు చేసేవాడు. చెట్టుని అంత శ్రద్ధగా చూసిన మనిషి చేతులు ఆ భవనం మీద కూడా పడ్డాయని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

ఇక కానుగ దగ్గరికి వస్తాను. ఎండలో సగం దాకా శక్తి మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి రూపంలో ఉంటుంది. ఇది అద్దం బయటికి పోనివ్వని ఆ పొడవాటి పరారుణం కాదు, సూర్యుడి పొట్టి తరంగాల్లోనిదే. ఆహారం తయారీకి అది ఆకుకి పనికిరాదు, లోపల పెట్టుకుంటే మిగిలేది వేడే. అందుకే ఆకు తనకి కావలసిన ఎరుపు, నీలం వెలుగుని పట్టుకుని, ఈ పరారుణ కాంతిలో చాలా భాగాన్ని తిప్పికొట్టో, తనలోంచి దాటించో వదిలించుకుంటుంది. ఆ కాంతిలో ఫోటో తీస్తే చెట్లు మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తాయి. అద్దాల ఫ్యాక్టరీలు పూతల మీద పూతలు వేసి సాధించాలని చూస్తున్న వడపోత అది.

అప్పటికీ మిగిలిన వేడిని ఆకు నీటితో పంపేస్తుంది. ఆకు అడుగున చదరపు మిల్లీమీటరుకి వంద పైచిలుకు సన్నని రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రానికి రెండు కణాలు కాపలా. అవి నీరు పట్టి ఉబ్బితే తలుపు తెరుచుకుంటుంది, వాడితే మూసుకుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. వేళ్లకి తడి అందుతున్న పెద్ద చెట్టు రోజుకి 100 లీటర్లు ఆవిరి చేయగలదు. ఒకటిన్నర టన్నుల ఏసీ 12 గంటలకు పైగా ఆగకుండా తిరిగితే తోడే వేడి అంత. ఆరుబయట గాలి కదులుతుంది కాబట్టి ఏసీ గదిలో ఉన్నంత చల్లగా చెట్టు కింద అనిపించదు. కానీ ఏసీ ఆ వేడిని, దానితోపాటు తాను తిన్న కరెంటు వేడిని కూడా తెచ్చి వీధిలో పోస్తుంది. చెట్టు ఆవిరిలో దాచి గాలికి అప్పగిస్తుంది.

మరి అన్ని నీళ్లు పైకి ఎలా వెళ్తాయి? పైనుంచి పీల్చే ఏ పంపూ నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేదు. అందుకే సబ్‌మెర్సిబుల్ మోటారుని బోరు లోపలికి దించుతాం. కాలిఫోర్నియాలో హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు ఎత్తు సుమారు 116 మీటర్లు, దాని కొన కొమ్మకీ నీరు అందుతోంది. దీనికి 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు డబ్లిన్ శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణనే ఇప్పటికీ నమ్ముతున్నాం. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆకులో ఒక అణువు ఆవిరైపోతూ వెనకున్నదాన్ని లాగుతుంది, అది దాని వెనకదాన్ని. వెంట్రుకంత సన్నని గొట్టాల్లో వేరు దాకా నీరు తెగని దారంలా సాగుతుంది. కరువులో లాగుడు మరీ ఎక్కువైతే దారం టప్పున తెగుతుంది, ఆ చప్పుడుని పరికరాలతో వినవచ్చు కూడా. లాగే శక్తి ఎండది. అంటే ఏ ఎండ మా ఏడో అంతస్తుని పొయ్యి చేస్తోందో, అదే ఎండ ఈ చెట్టుకి మోటారు.

ఇంకో విషయం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. కానుగ ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చి, ఏప్రిల్‌కల్లా లేత ఆకులతో నిండిపోతుంది. వానలింకా రెండు నెలల దూరంలో ఉండగానే, లోతు వేళ్ల తడిని నమ్ముకుని చిగురిస్తుంది. నీడ మనకి ఎప్పుడు కావాలో అప్పుడే చిక్కబడుతుంది.

మర్రి అయితే స్తంభాలు కూడా తనే వేసుకుంటుంది. కొమ్మ సాగేకొద్దీ ఊడ దించుతుంది. ఊడ నేల తాకి బలిసి కొమ్మని మోస్తుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఇలా పెరిగి పెరిగి సుమారు 5 ఎకరాలు కమ్ముకుంది, 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. చేవెళ్ల దారిలో వందల మర్రిచెట్లున్నాయి, రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని నరకొద్దని జనం ఏళ్ల తరబడి కొట్లాడారు. ఆ దారిన బండి మీద వెళ్లినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. నీడలోకి దూరగానే ఒంటికి తెలిసిపోతుంది.

మర్నాడు ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తెచ్చి, తొమ్మిది గంటలకి ఆ కానుగ కొమ్మ ఒకదానికి, గుప్పెడు ఆకుల చుట్టూ దారంతో కట్టాను. లంచ్‌కి దిగేసరికి కవరు లోపలంతా మంచు పట్టినట్టు మసక. అడుగు మూలలో చెంచాడు నీళ్లు. సెక్యూరిటీ అన్న కుర్చీలోంచి లేచి వచ్చి, కవరుని వేలితో తట్టి చూశాడు. చుక్కలు కిందికి జారాయి.

"చెట్టుకు గూడ చెమట పడ్తదా సార్?" అన్నాడు.

పడుతుందన్నాను. ఆయన తలెత్తి పైన ఉన్న ఆకులన్నీ ఒకసారి చూశాడు. కవరు విప్పి ఆ చెంచాడు నీళ్లు చెట్టు మొదట్లో పోశాను. మొదలు చుట్టూ మాను దాకా సిమెంటు చేసి ఉంది. నీళ్లు దాని మీదే కాసేపు నిలిచి, ఓ పగుల్లోంచి లోపలికి ఇంకాయి.