‘నాకు అలవాటైపోయింది డాక్టర్’: అతిపని మీద అపోహలు, వాస్తవాలు

ఉద్యోగుల ఆరోగ్యం చూడటం నా వృత్తి. చెకప్‌కి వచ్చినవాళ్లని బీపీ, షుగర్ సంగతులతో పాటు రోజుకి ఎన్ని గంటలు పని చేస్తారు, ఎన్ని గంటలు పడుకుంటారు అని కూడా అడుగుతాను. ‘పనా, పన్నెండు గంటలు. నిద్ర ఐదు’ అంటారు. నేను తల ఎత్తేలోపే ‘అలవాటైపోయింది లెండి, నాకేం ఇబ్బంది లేదు’ అని వాళ్లే తీర్పు కూడా చెప్పేస్తారు. ఈ మాట విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: శరీరం అలవాటు పడుతుంది

అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచుతున్నది ఇదే. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యవంతులైన కొందరిని ల్యాబ్‌లోనే ఉంచి 14 రాత్రులు పరిశీలించారు. కొందరికి 8 గంటల నిద్ర, కొందరికి 6, ఇంకొందరికి 4. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల చురుకుదనం రోజురోజుకీ పడిపోతూ వచ్చి, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి దిగింది. అసలు విషయం అది కాదు. మీకెలా ఉందని అడిగితే వాళ్లు మాత్రం ‘కాస్త మగతగా ఉంది, అంతే’ అన్నారు. పరీక్షలో తప్పులు పెరుగుతూనే ఉన్నాయి, అవి పెరుగుతున్నాయని వాళ్లకి తెలియడం ఆగిపోయింది. ‘నేను బాగానే ఉన్నాను’ అనే మాటని నేను సాక్ష్యంగా తీసుకోనిది అందుకే. అలసిపోయిన మెదడే తన అలసట ఎంతో లెక్కగడుతోంది.

నిద్ర సంగతి అలా ఉంచితే, గుండె సంగతి ఇంకా మొండిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవాళ్లకి, 35–40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే ఇలాంటి పనిగంటల వల్ల సుమారు 7,45,000 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది 60–79 ఏళ్ల మధ్య చనిపోయినవాళ్లు. గంటలు గంటలు పనిచేసింది మాత్రం అంతకుముందు, 45 దాటాక. నలభైల్లో ఉన్న మనిషికి ‘నాకేం కాలేదు కదా’ అనిపించడంలో వింతేం లేదు.

‘రిపోర్టులన్నీ నార్మల్’ అన్నది దీని తోబుట్టువే. ఈమధ్య ఒకాయన వచ్చారు, పెద్ద బాధ్యతల్లో ఉన్న మనిషి. చేతికి బీపీ పట్టీ చుట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి సార్ అన్నాను. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టారు. అది గుర్రుమన్నప్పుడల్లా మెడ అటు తిరుగుతోంది, పట్టీ లేని చెయ్యి ఫోన్ దాకా వెళ్లి మళ్లీ ఒళ్లోకి వస్తోంది. రీడింగ్ బాగానే వచ్చింది. ‘చెప్పాగా’ అని నవ్వారు. నాకు నమ్మకం కుదరలేదు. ఇరవై నాలుగు గంటలూ బీపీ కొలిచే మిషన్ కట్టి పంపాను. మర్నాడు చూస్తే పని గంటల్లో గీత పైపైకి, ఇంటికెళ్లాక కూడా పది దాటేదాకా దిగితే ఒట్టు.

దీన్ని మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అంటారు. డాక్టర్ దగ్గర నార్మల్, బయట హై. కెనడాలోని క్యుబెక్‌లో ఆఫీసు ఉద్యోగుల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 49 గంటలు దాటినవాళ్లలో ఇది ఉండే అవకాశం, 35 గంటలలోపు పనిచేసేవాళ్లకన్నా 70 శాతం ఎక్కువని తేలింది. కాబట్టి గంటలు ఎక్కువైనవాళ్లు క్లినిక్ రీడింగ్ చూసుకుని సంబరపడొద్దు. పని మధ్యలో, కూర్చుని, ఫోన్ పక్కన పడేసి కొలుచుకోండి. కొన్ని రోజుల సగటు 135/85 దాటితే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ పని అవుతుంది

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల లెక్కల్ని జాన్ పెన్‌కావెల్ అనే ఆర్థికవేత్త 2014లో మళ్లీ తిరగేశారు. వారానికి 70 గంటలు చేసినప్పుడు వచ్చిన ఉత్పత్తికీ, 56 గంటలప్పుడు వచ్చినదానికీ పెద్ద తేడా లేదు. మెషీన్ల దగ్గర పనికే ఇలా ఉంటే, ఆలోచించి చేసే పని సంగతి మీరే ఊహించుకోండి.

అపోహ: బర్నౌట్‌ని జబ్బుగా ప్రకటించేశారు

ఈ ఫార్వర్డ్ ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. పంపేముందు ఒక్క నిమిషం చదవరా? 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన వ్యాధుల వర్గీకరణ పట్టికలో చేర్చిన మాట నిజమే, కానీ వృత్తికి సంబంధించిన స్థితిగా, వ్యాధిగా కాదు. ఒళ్లు హూనమవడం, పని మీద విరక్తి, నా వల్ల కావట్లేదనే భావన, ఈ మూడూ ఉంటే ఆ పేరు. అలాగని మనిషి బలహీనత అనుకోవడమూ తప్పే. చాలాకాలంగా అదుపు చేయని పని ఒత్తిడే కారణమని ఆ నిర్వచనంలోనే ఉంది.

అపోహ: ఒక లాంగ్ లీవ్ పెడితే సర్దుకుంటుంది

సెలవులో హాయిగానే ఉంటుంది. తిరిగొచ్చి పాత గంటల్లోనే పడితే ఆ హాయి కొద్ది వారాల్లో ఆవిరి. రోజూ సాయంత్రం పని నుంచి మనసు కూడా బయటపడాలి, ఏడాదికోసారి కాదు.

అపోహ: నిదానంగా బతకడమంటే ఉద్యోగం మానేయడం

కాదండీ. ముగించే వేళ ముందే పెట్టుకోవడం, ఏడు గంటల నిద్రని మీటింగ్ అంత గట్టిగా కాపాడుకోవడం, ఒకసారికి ఒకే పని. ఇంతకు మించి నేను ఎవరికీ చెప్పను.

ఇది చెప్పగానే భయపడేవాళ్లున్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది: ‘లాప్‌టాప్ మూస్తే చేతులు ఊరుకోవట్లేదు మేడమ్, ఏదో తప్పు చేస్తున్నట్టుంది. నన్ను తీసేస్తారేమో.’ మొదటి రోజుల్లో ఇలా గిలగిల్లాడటం చాలామందిలో చూస్తాను. ఒక్కసారిగా అన్నీ మార్చొద్దన్నాను. ముందు వారం రోజులు మొదలుపెట్టిన టైమూ ముగించిన టైమూ రాసుకోమన్నాను. ఆ కాగితం చూస్తే రాత్రి పనిలో సగం, ఎవరూ ఆ రాత్రికి అడగని జవాబులే. వాటిని పొద్దుటికి మార్చింది, ఎవరూ ఏమీ అనలేదు. అన్నిచోట్లా ఇంత తేలిగ్గా జరగదు, పై అధికారే సమస్య అయితే నా కాగితం ఏం చేస్తుంది?

రెండు ఉద్యోగాలు చేస్తేగానీ ఇల్లు గడవనివాళ్లు కూడా వస్తారు. వాళ్లకి నిదానం గురించి పాఠాలు చెప్పడానికి నాకు నోరు రాదు. బీపీ చూపించుకుంటూ ఉండమంటాను, మాత్రలు మానొద్దంటాను, నైట్ డ్యూటీ దిగి నిద్రమత్తులో బండి నడపొద్దంటాను.