ఐపీ కాగితం నుంచి సిబిల్ గడుల దాకా: నల్లగొండ, పాలమూరు అప్పుల వెనుక కథ

నల్లగొండ జిల్లాలో ఒక వ్యాపారి చేతులెత్తేశాడని చెప్పడానికి ఇప్పటికీ వాడే మాట ‘ఐపీ పెట్టిండు’. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటకు ఇది పొట్టి రూపం. దీనికి మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. కనీసం 500 రూపాయల అప్పు ఉండి, తీర్చే స్తోమత లేనివాడు తన ఆస్తులూ అప్పులూ జాబితా రాసుకొని కోర్టును ఆశ్రయించవచ్చని ఆ చట్టం చెప్పింది. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది. అయితే వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకే అమల్లోకి తెచ్చారు గనుక, మిర్యాలగూడలో ఎరువుల దుకాణం పెట్టి నష్టపోయిన మనిషికి నేటికీ ఆ పాత చట్టమే దిక్కు.

ఆ చట్టం పుట్టిన కాలంలో అప్పు జ్ఞాపకం ఊరి పొలిమేర దాటేది కాదు. షావుకారి ఖాతా పుస్తకం, ప్రామిసరీ నోటు, దాని మీద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు, నూటికి రెండో మూడో రూపాయల నెల వడ్డీ: మనిషి పరపతికి అవే కొలతలు. నిజాం పాలనలో అప్పుకు మనిషినే కట్టేసే భగేలా పద్ధతి ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని అదుపు చేయడానికి 1936లో ప్రత్యేకంగా నిబంధనలు తేవలసి వచ్చింది. పాలమూరు కూలీలు మేస్త్రి చేతి నుంచి అడ్వాన్సు తీసుకొని దూరదేశపు కట్టడాలకు వెళ్లినప్పుడు కూడా ఆ లెక్క మేస్త్రికీ కూలీకీ మధ్యనే నడిచేది. అది న్యాయమైన లెక్క అని ఎవరూ అనలేరు గానీ, ఒక షావుకారి దగ్గర పోయిన మాట మరో షావుకారికి తెలియకుండా ఉండే అవకాశం మాత్రం ఉండేది.

1969 జులైలో 14 బ్యాంకుల జాతీయీకరణ తర్వాత పల్లెలకు శాఖలు వచ్చినా ఈ స్థితి చాలాకాలం మారలేదు. ఒక బ్యాంకుకు మరో బ్యాంకు సంగతి తెలియదు. అందుకే పంట రుణం కావలసిన రైతు చుట్టుపక్కల శాఖలన్నీ తిరిగి, బాకీ లేదని ఒక్కో చోటా ముద్ర వేయించుకొని, ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి ఇవ్వవలసి వచ్చేది. ఊరట పథకాలు కూడా ఆ కాలపు ఆలోచనతోనే తయారయ్యాయి. 1990లో 10 వేల రూపాయల దాకా మాఫీ చేసిన పథకమూ, 2008 బడ్జెట్‌లో ప్రకటించిన పథకమూ గడువు మీరిన బాకీలనే లెక్కలోకి తీసుకున్నాయి. సకాలంలో కట్టినవాడికి వాటిలో చోటు లేదు. ఆగితే మేలు జరుగుతుందన్న పాఠాన్ని రైతు ఎక్కడో నేర్చుకోలేదు, ప్రభుత్వ కాగితాల్లోనే చదువుకున్నాడు.

ఇంతలో ముంబయిలో వేరే పని మొదలైంది. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎలా కట్టారో నమోదు చేసే సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది, 2005లో రుణ సమాచార సంస్థల చట్టం వచ్చింది, ఆ తర్వాత మనిషి పరపతిని 300 నుంచి 900 దాకా అంకెతో చెప్పే స్కోరు వాడుకలోకి వచ్చింది. పల్లెకు ఆ సంగతి చేరింది మాత్రం 2010 అక్టోబరు తర్వాతనే. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిని ఆపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవడంతో వారం వారం కట్టే కిస్తీలు దాదాపుగా నిలిచిపోయాయి. ఏజెంట్లు గడప తొక్కడం మానేశారు, బాకీ పోయిందని చాలామంది అనుకున్నారు. పద్దు మాత్రం పోలేదు. ఒకే మహిళకు నాలుగైదు సంస్థలు అప్పులిచ్చిన తీరు చూశాక, సూక్ష్మరుణాల వివరాలూ రుణ సమాచార సంస్థలకు చేరాలన్న పట్టు పెరిగింది. 2016లో రిజర్వు బ్యాంకు పొదుపు సంఘాల సభ్యుల విడివిడి వివరాలను కూడా పంపాలని ఆదేశించింది.

తెలంగాణ వచ్చాక లక్ష రూపాయల దాకా మాఫీని 2014 నుంచి నాలుగు విడతల్లో ఇచ్చారు. 2018 ఎన్నికల తర్వాతి మాఫీ 25 వేల లోపు వారితో మొదలై 2023 దాకా సాగింది. 2024 జులై, ఆగస్టుల్లో 2 లక్షల దాకా మాఫీ జరిగింది. మాఫీ చేయడం తప్పని నేను అనను. కానీ ప్రకటనకూ డబ్బు జమకూ మధ్య గడిచిన ఏళ్లలో రెన్యూవల్ చేయించుకోని పద్దు రెండు పంట కాలాలు దాటితే మొండి బాకీ అవుతుందన్న సంగతి సభల్లో వినిపించదు.

దేవరకొండ దగ్గర ఒక రైతు ట్రాక్టరు రుణం రాలేదని తన సిబిల్ నివేదికను జిరాక్సు దుకాణంలో తీయించుకుంటే నేనూ చూశాను. ఒక్కో పద్దు కింద 36 నెలలకు 36 గడులు. సక్రమంగా కట్టిన నెలలో మూడు సున్నాలు, ఆలస్యమైన నెలలో ఆలస్యపు రోజుల సంఖ్య. పంట రుణం గడుల్లో ఆ సంఖ్య నెలనెలా పెరుగుతూ పోయి, మాఫీ జమైన నెలలో ఆగింది. కింద మరో పద్దులో, వన్ టైం సెటిల్‌మెంట్ కింద కొంత కట్టి కొంత తగ్గించుకున్న పాత బండి అప్పు దగ్గర ‘సెటిల్డ్’ అని ఉంది. ఆయన దృష్టిలో అది తీరిన అప్పు. అప్పు ఇచ్చేవాడి దృష్టిలో అది పూర్తిగా రాని డబ్బు. ఐపీ పెట్టినవాడి కష్టమూ ఇదే: కోర్టు విముక్తి ఇచ్చినా, కట్టని నెలల చరిత్ర కనీసం ఏడేళ్లు నిల్వ ఉంటుంది.

ఈ చిక్కులోంచి బయటపడే దారులు కొన్ని ఆలస్యంగానైనా వచ్చాయి. 2017 నుంచి ప్రతి రుణ సమాచార సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పు నమోదుపై ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, లేకుంటే 2024 ఏప్రిల్ నుంచి రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి. 2025 జనవరి నుంచి బ్యాంకులు పక్షానికొకసారి వివరాలు పంపాలన్న నిబంధన వచ్చింది. డబ్బులిస్తే స్కోరు పెంచిపెడతామని చెప్పే ఏజెంట్లకు ఆ నివేదికలో నిజమైన నమోదును చెరిపే అధికారం ఏదీ లేదు.

ఆ రైతు బండి అప్పులో తగ్గించిన మిగులు కట్టి, బాకీ లేదని పత్రం తీసుకొని, ‘సెటిల్డ్’ను ‘క్లోజ్డ్’గా మార్చమని రాసిచ్చాడు. పంట రుణం కొత్తగా రెన్యూవల్ చేయించుకున్నాడు. నడుస్తున్న ఆ పద్దులో ఇప్పుడు నెలకొక సున్నాల గడి ముందు చేరుతోంది, ఎదురుచూపుల కాలపు గడి ఒకటి వెనక నుంచి జారిపోతోంది.